స్పుత్నిక్ పుట్టినరోజు, సద్దుల బతుకమ్మ

మా ఇంట్లో ఎవరి పుట్టినరోజూ చేసేవాళ్ళు కాదు. నాది ఏ నెలో మా అమ్మకే సరిగ్గా గుర్తులేదు. అడిగితే "వానలు వట్టినంక" అంటుంది. బళ్ళో రాసింది పంతులుకు తోచిన తారీఖు. అలాంటి నేను మొట్టమొదట చేసిన పుట్టినరోజు ఒక ఉపగ్రహానిది. కోరుట్లలో ఆడపిల్లల సర్కారు బడి వరండాలో, నేను తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు, స్పుత్నిక్ పైకి పోయిన రోజు ఇదేనని చెప్పి మా సైన్సు సారు అందరి చేతుల్లో ఇన్ని పుట్నాలు, ఒక బెల్లం ముక్క పెట్టాడు. మనుషులు చేసి భూమి చుట్టూ తిరిగేలా పైకి వదిలిన మొదటి వస్తువు అదేనట. ఎవరో రష్యా వాళ్ళు చేసిన గుండుకు మేమెందుకు బెల్లం తింటున్నామో సగం మందికి తెలియదు. తిన్నాం.

సారుకు అదొక పిచ్చి. ఏప్రిల్‌లో మొదటి మనిషి అంతరిక్షంలోకి పోయిన రోజు, జూలైలో చంద్రుడి మీద కాలు పెట్టిన రోజు, ఇలా ఏడాది పొడుగునా ఆయనకు పండుగలే. ముందురోజు సాయంత్రమే వరండాలో ఉన్న బోర్డు మీద రంగు సుద్దలతో బొమ్మ గీసి పెట్టేవాడు. తెల్లారి ప్రార్థన కాగానే ఆ ముచ్చట చెప్పేవాడు. ఎంత బాగా చెప్పేవాడంటే, ఎండలో నిలబడి కళ్ళు తిరిగి పడిపోయే పిల్లలు కూడా ఆ పూట పడిపోయేవాళ్ళు కాదు. సిరిసిల్లలో సాంచెలు నడిపే కార్మికుని కొడుకు ఆయన. సాంచెలంటే కరెంటు మగ్గాలు. మా మేనమామ కూడా అక్కడే సాంచెల మీద పనిచేసేవాడు. అందుకని సారు మా మనిషే అనుకునేదాన్ని. ఇంతెందుకు, మా నాన్న కన్నా ఆయన మీదే నాకు గురి ఎక్కువ. మనం నమ్మినవాళ్ళే గొంతు కోయగలరు, దారిన పోయేవాడికి ఆ వీలెక్కడిది?

నేను పదో తరగతికి వచ్చిన ఏడు ఆ పోటీ సంగతి తెలిసింది. స్పుత్నిక్ పుట్టినరోజును పట్టుకుని కోస్తాలో ఒక ఊళ్ళో పెద్ద ఎత్తున ఉత్సవం చేస్తారట. బడిపిల్లలకు తెలుగులో ఉపన్యాస పోటీ. అందులో గెలిచిన పిల్లలను సముద్రం ఒడ్డుకు తీసుకుపోయి, రాకెట్ పైకి పోతుంటే కళ్ళారా చూపిస్తారు. పదో తరగతి దాటితే ఆ పోటీ లేదు. అంటే నాకు ఒక్కటే అవకాశం.

రాకెట్ చూడాలని నాకెందుకంత పట్టిందో చెప్పలేను. సినిమా చూడాలని కొందరికి, పట్నం చూడాలని కొందరికి ఉంటుంది. నాకిది. అన్నం తింటుంటే రాకెట్, బీడీ కొసలు గోటితో మడుస్తుంటే రాకెట్. మా అమ్మ బీడీలు చుట్టేది. చుట్టిన బీడీ కొసను లోపలికి మడిచే పని బడి నుంచి రాగానే నాది. స్టీలు చెంబుకు విరిగిన గొడుగు పుల్లలు నాలుగు కట్టి స్పుత్నిక్ చేసి దండేనికి వేలాడదీస్తే, చెంబు కోసం అమ్మ ఇల్లంతా వెతికి నన్ను తిట్టిన తిట్లు ఇంకా గుర్తున్నాయి.

ఉపన్యాసం నేనే రాసుకున్నాను. పుస్తకాల్లో ఉన్న పెద్ద పెద్ద మాటలన్నీ ఏరి రాశాను. సారు చదివి పక్కన పెట్టాడు.

"గిది ఎవల భాష? నీదా?" అన్నాడు. "మీ ఇంట్ల మాట్లాడినట్టు చెప్పు. మీ అమ్మకు ఎట్ల చెప్తవో గట్ల చెప్పు."

అప్పుడు నా నోటికి వచ్చింది ఇదీ: "మా అమ్మ పొద్దంత తల వంచుకొని బీడీలు చేస్తది. మా అమ్మకు ఆకాశం దిక్కు చూసే తీరిక లేదు. అందుకే మా అమ్మ జాగల నేను చూస్తున్న."

సారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "గిదే మొదలు. గీ ముక్క మార్చకు" అన్నాడు. ఆ మెప్పు నిజమైనదే. ఇప్పటికీ అలాగే అనుకుంటాను. నా భాషకు సిగ్గుపడవద్దని నాకు నేర్పింది ఆయనే. అందుకే ఆయన మీద కోపం ఒక పట్టాన తేలిపోదు.

ఆగస్టులో జగిత్యాలలో మొదటి వడపోత జరిగింది. నేను మొదట వచ్చాను. సారు కూతురు రెండో స్థానంలో వచ్చింది. నాకన్నా ఒక తరగతి చిన్న. జగిత్యాలలో మేనమామ ఇంట్లో ఉండి ప్రైవేటు బడిలో చదివేది. బస్సులో తిరిగి వస్తుంటే సారు నాకు చెరుకు రసం ఇప్పించి, "మా పిల్లకు నీకున్నంత ధైర్యం లేదు బిడ్డా" అన్నాడు. కన్నకూతురు ఓడిపోయినా నన్ను మెచ్చుకునే మనిషి అనుకుని మురిసిపోయాను. పోటీకి గౌను కుట్టించుకోమని సిరిసిల్ల నుంచి మా మేనమామ నీలం రంగు గుడ్డ పంపించాడు. మా వాడకట్టులో ఉండే దర్జీ చాచా కుట్టుకూలి వద్దన్నాడు. "రాకెట్ దేఖ్‌కే ఆకే హమ్‌కో బీ బోల్, ఎట్లుంటదో" అని, చూసొచ్చి తనకూ చెప్పమని సగం ఉర్దూలో, సగం తెలుగులో అన్నాడు. వాడకట్టంతా నేను గెలిచేసినట్టే మాట్లాడింది.

సెప్టెంబర్‌లో సకల జనుల సమ్మె మొదలైంది. అంతకు రెండేళ్ళ ముందు డిసెంబర్‌లో ఢిల్లీ తెలంగాణ ఇచ్చినట్టే ఇచ్చి, పండుగ దీపాలు ఆరకముందే వెనక్కి తీసుకుంది. ఆ మంట అందరి కడుపుల్లోనూ ఉంది. బడులు మూతపడ్డాయి, బస్సులు డిపోల్లో నిలబడిపోయాయి. కోరుట్ల బస్టాండు ముందు టెంటు వేశారు. రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వంటలు, రోడ్డు మీదే భోజనాలు. ముత్యంపేట చక్కెర ఫ్యాక్టరీలో సీజను పని చేసే మా నాన్న పొద్దున్నే పోయి టెంటులో కూర్చునేవాడు. సారు అక్కడ ముఖ్యుడు. మైకు పట్టుకుంటే జనం కదిలేవాళ్ళు కాదు. ఆ రోజుల్లో గోడల మీద ఎక్కువగా కనిపించిన మాట ద్రోహి. ఢిల్లీవాళ్ళు ద్రోహులు, రాజీనామా చేయనివాళ్ళు ద్రోహులు, దుకాణం తెరిచినవాడు ద్రోహి. నేనూ ఆ మాట గొంతు చించుకుని అరిచినదాన్నే. తెలంగాణ రావాలని నాకూ ఉంది. అందులో అబద్ధం లేదు.

పోటీ అక్టోబర్ నాలుగున. ఆ ఏడు బతుకమ్మ పండుగ ఆఖరి రోజైన సద్దుల బతుకమ్మ సరిగ్గా ఆ రోజే పడింది. పెట్టినవాళ్ళది కోస్తా, వాళ్ళకు సద్దుల బతుకమ్మ అంటే ఏమిటో తెలిస్తే కదా. మా వైపు ఆ రోజు ఆడపిల్ల ఇంట్లో లేకపోతే ఊరంతా అడుగుతుంది. అయినా మా అమ్మ, "బతుకమ్మ మళ్ళచ్చే ఏడు అస్తది, నీ పోటీ రాదు. పోయిరా" అన్నది. ఇలాంటి మాట మా అమ్మ నోట రావడం చిన్న సంగతి కాదు.

పోటీకి కొన్ని రోజుల ముందు సారు మా ఇంటికి వచ్చాడు. మంచం వాల్చాం. చాయ్ తాగాడు. తర్వాత నన్ను పిలిచి ఎదురుగా కూర్చోబెట్టుకున్నాడు.

"బిడ్డా, జీతాలు లేక మనోళ్ళు రోడ్డు మీద కూసున్నరు. పోరగాండ్లు పానాలు తీసుకుంటున్నరు. గిసొంటప్పుడు నువ్వు పోయి ఆళ్ళ ఊళ్ళె, ఆళ్ళ మైకుల మాట్లాడితె ఎట్లుంటది?" అన్నాడు. "నేనైతే పోవద్దని చెప్ప. నువ్వే ఆలోచించు."

ఆలోచించు అని చెప్పి, చాయ్ గ్లాసు పట్టుకుని నా ముందే కూర్చున్నాడు. ఎదురుగా దేవుడు కూర్చుని ఆలోచించుకో అంటే ఏం ఆలోచిస్తాం? మా నాన్న నా మొహం కూడా చూడకుండా, "పోదు సార్. మా పిల్ల ద్రోహం జేస్తదా?" అన్నాడు.

వంటింటి గడప దగ్గర నుంచి మా అమ్మ ఒక్కతే అన్నది: "ఒక్క పిల్ల పోతే తెలంగాణ ఆగుతదా సార్?"

"ఒక్కొక్కలు గట్లనే అనుకుంటె ఆగుతది చెల్లె" అన్నాడు సారు. మా అమ్మ లోపలికి పోయింది. నాకు ఏడుపుతోపాటు గర్వం కూడా వచ్చింది. "తెలంగాణ అచ్చినంక మన రాకెట్ మనమే చూద్దాం" అని సారు నా తల నిమిరాడు. ఆ మాట కూడా నమ్మాను చూడండి.

మర్నాడు టెంటులో నా చేత మాట్లాడించాడు. నీలం గౌను వేసుకుని పోయాను, ఇంకెక్కడికి వేసుకుంటాను? రాకెట్ చూడాలని నాకు ఎంత ఆశో చెప్పాను. చెప్పి, "గని నేను పోను" అన్నాను. టెంటు మొత్తం లేచి చప్పట్లు కొట్టింది. ఎవరో గులాబీ కండువా తెచ్చి మెడలో వేశారు. ముసలివాళ్ళు కొందరు కళ్ళు తుడుచుకున్నారు. నేను ఎన్ని పోటీల్లో మాట్లాడినా అంత బాగా మరెప్పుడూ మాట్లాడలేదు. మా నాన్న ఆ రోజంతా కనిపించిన వాళ్ళందరికీ, "మైకుల మాట్లాడింది మా పిల్లనే" అని చెప్పుకుని తిరిగాడు.

మొదట వచ్చిన పిల్ల రాకపోతే రెండో పిల్లను పిలుస్తారు. ఈ నియమం సారుకు తెలుసు. నాకు చెప్పలేదు. నేను అడగలేదు, అడగాలని తోచలేదు.

సద్దుల నాడు సాయంత్రం బతుకమ్మలన్నీ టెంటు దగ్గరికే తెమ్మన్నారు. రోడ్డంతా తంగేడు పూలు, గునుగు పూలు. మా వైపు పెద్ద బతుకమ్మ పక్కన చిన్నది ఒకటి పేరుస్తాం, తోడు బతుకమ్మ అని. పెద్దదాన్ని తల్లి ఎత్తుకుంటే చిన్నదాన్ని బిడ్డ ఎత్తుకుంటుంది. సారు భార్య కొత్త పట్టుచీరలో వచ్చింది. ఒక చేత్తో పెద్ద బతుకమ్మ, ఇంకో చేత్తో చిన్నది పట్టుకోలేక ఆపసోపాలు పడుతోంది. పక్కనే ఉన్న నన్ను చూసి నవ్వి, చిన్నదాన్ని నా చేతుల్లో పెట్టింది.

"జర నువ్వెత్తుకో బిడ్డా. మా పిల్ల ఊళ్ళె లేదు" అన్నది.

సద్దుల నాడు బిడ్డ ఊళ్ళో లేకపోవడమేమిటని ఆడవాళ్ళంతా ఒకేసారి అటు తిరిగారు. ఎవరో అడిగారు, ఎక్కడికి పోయిందని. పాపం, ఆవిడకు దాచాలని తెలియదు. "ఏందో రాకెట్ల పోటీ అట. మా తమ్ముడు కార్ల తీస్కపోయిండు. కారుకు జై తెలంగాణ అని అంటిచ్చుకున్నరు, గందుకే ఎక్కడ ఆపలేదట" అన్నది. అని చుట్టూ చూసి, అందరూ సంతోషిస్తారన్నట్టు నవ్వింది.

నా చేతుల్లో ఆ పిల్ల బతుకమ్మ ఉంది. ఎక్కడపడితే అక్కడ పెట్టడానికి లేదు. గౌరమ్మ ఉంటుంది అందులో, కోపమొచ్చినా విసిరికొట్టలేం. అన్ని బతుకమ్మల మధ్య దాన్నీ పెట్టి, అందరితోపాటు చుట్టూ తిరుగుతూ చప్పట్లు కొట్టాను. చెరువు దాకా నేనే మోశాను. నీళ్ళలో వదిలాను. సారు భార్య నా చేతిలో రొట్టె, బెల్లం కలిపి చేసిన మలీద ముద్ద పెడితే పుచ్చుకున్నాను. ఆ సమయానికి ఆ పిల్ల నా పోటీలో నా చోట నిలబడి ఉందన్న సంగతి ఒకటే తలలో తిరుగుతోంది. ఇంటికి వచ్చి చెప్తే మా నాన్న మొదట నమ్మలేదు. నమ్మిన తర్వాత అన్న మాట మరీ అన్యాయం. "పెద్దోళ్ళ ముచ్చట మనకెందుకు? గిది బయటవడితె టెంటు పల్చవడ్తది. నోరు మూసుకో" అన్నాడు. మొన్న మా పిల్ల మా పిల్ల అని ఊరేగిన మనిషే.

దసరా నాడు సారే వచ్చాడు, జమ్మి ఆకు పట్టుకుని. నాయకుడు కదా, ఆ సాయంత్రం వాడవాడా తిరిగి అందరినీ కౌగిలించుకున్నాడు. కూతురు కూడా వెంట ఉంది. నా పక్కన గడప మీద కూర్చుని ఒకటే సంబరం.

"అక్కా, నాకు ఫస్టచ్చింది. నీ స్పీచే చెప్పిన, నాన్న నేర్పిచ్చిండు. 'మా అమ్మ పొద్దంత తల వంచుకొని బీడీలు చేస్తది' అనంగనే ఒక్కటే సప్పట్లు. ఒక మేడమైతే ఏడ్చింది."

మా అమ్మ గిన్నె పట్టుకుని వంటింట్లోంచి బయటకు వచ్చింది. "మీ అమ్మ బీడీలు ఎన్నడు చేసింది బిడ్డా?" అని అడిగింది, నిజంగానే తెలుసుకోవడానికి అడిగినట్టు.

"చేయది అత్తమ్మా. ఉత్తగ, స్పీచ్ల చెప్పాలె గదా."

మంచం మీద ఉన్న సారు ఆ మాట విన్నాడు. విని, సమ్మె సంగతులు చెప్పడంలో గొంతు కొంచెం పెంచాడు. మా నాన్న నన్ను పిలిచి, "సారుకు బంగారం వెట్టు" అన్నాడు. దసరా నాడు జమ్మి ఆకే బంగారం. చేతిలో పెట్టి కాళ్ళకు మొక్కాలి. పెట్టాను, మొక్కాను. "సల్లగుండు బిడ్డా" అన్నాడు.

పోటీ పోతే పోయింది, రాకెట్ పోతే పోయింది. మా అమ్మను కూడా పట్టుకుపోయాడే, అదే నాకు మింగుడుపడలేదు. వాళ్ళు పోయిన తర్వాత మా అమ్మ తన వేళ్ళను, నా వేళ్ళను చూసింది. పొగాకు రంగు పట్టి, కొసలు మడిచీ మడిచీ గోళ్ళు అరిగిపోయిన వేళ్ళు. "ఆ పిల్ల చేతులన్న చూడకపోయిరా గా పోటీ పెట్టినోళ్ళు? బీడీలు చేసే ఇంట్ల ఆడపిల్ల గోర్లు గట్లుంటయా?" అన్నది. ఆ రాత్రికి వండిన మటన్ ఆమె ముట్టలేదు.

రాష్ట్రం వచ్చింది. రావలసిందే, వచ్చింది. సారు ఉద్యమకారుడిగా పేరు తెచ్చుకున్నాడు. నేను డిగ్రీ చదివి ఇప్పుడు జగిత్యాలలో ఒక ప్రైవేటు బడిలో సైన్సు చెప్తున్నాను. అక్టోబర్ నాలుగు వస్తుంది, పోతుంది. పిల్లలకు స్పుత్నిక్ గురించి పాఠంలో ఉన్నంత చెప్తాను. పుట్నాలు, బెల్లం పంచను.

మొన్నొక రాష్ట్రావతరణ దినం నాడు మా బడివాళ్ళు ముఖ్య అతిథిగా ఎవరిని పిలిచారనుకున్నారు? ఆయన్నే. జుట్టు పూర్తిగా నెరిసింది. మైకు పట్టుకోగానే పాత గొంతే. ఉద్యమంలో పిల్లలు చేసిన త్యాగాలు చెప్తూ, నన్ను వేలుతో చూపించాడు. "గీ బిడ్డ రాకెట్ చూసే అదృష్టం కాలదన్నుకున్నది. మా బడి నుంచి ఒక్కలు గూడ పోలే" అన్నాడు. నిజమే, వాళ్ళ బడి నుంచి ఎవరూ పోలేదు. కూతురు చదివింది వేరే బడి కదా. పిల్లలు చప్పట్లు కొట్టారు. అత్త సొమ్ము అల్లుడు దానం అంటారే, అలా ఏటా ఎన్ని సభల్లో నన్ను దానం చేస్తున్నాడో.

సభ అయ్యాక చాయ్ ఇచ్చారు. ఆయన పక్కన కూర్చోబెట్టారు నన్ను, గౌరవంగా. ఇన్నేళ్ళూ దాచుకున్న మాట అనేద్దామని నోరు తెరిచాను. ఒక్కసారి ఆయన తల దించుకుంటే చాలు నాకు, ఇంకేమీ అక్కర్లేదు.

"సార్, చెల్లె రాకెట్ చూసింది గదా. ఏమన్నది?" అన్నాను.

ఆయన తల దించుకోలేదు. ముఖం వెలిగిపోయింది. చాయ్ కప్పు పక్కన పెట్టేశాడు.

"అబ్బో, ఎంత ముచ్చటగ చెప్పిందో బిడ్డా. మొదలు ఎలుగే కనవడ్తదట, సప్పుడుండదట. అది జరంత పైకి పోయినంక గప్పుడస్తదట సప్పుడు. చెవులకు కాదు, రొమ్ముకు తాకుతదట. కాళ్ళకింద ఇసుక వణుకుతదట."

రెండు చేతులూ పైకెత్తి చూపిస్తున్నాడు, వరండాలో బోర్డు ముందు చూపించినట్టే. ఈ మనిషికి తాను చేసింది గుర్తే లేదు. నాకు అరవాలనిపించింది. ఏడవాలనిపించింది. కానీ ఆయన ఆపేస్తాడేమోనని భయపడ్డాను కూడా.

"పొగ ఏ రంగుంటదట సార్?" అని అడిగాను.